ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు — కిరణచికిత్స



గ్రామములలో రచ్చకట్టమీద చేరిన పెద్దలు మాటలాడుకొనని విషయ మరుదు. వానలు, నూలు ధరలు, మరమగ్గముల కరెంటు బిల్లులు, దుబాయిలో నున్న కొడుకుల జీతములు, అన్నియు ప్రసంగములోనికి వచ్చును. మోకాళ్ల నొప్పులును వచ్చును, చక్కెరవ్యాధియు వచ్చును. ఒక్క సంగతి మాత్ర మెవ్వరి నోటను రాదు. రాత్రి నాలుగుమార్లు లేచి ఒంటికి పోవలసి వచ్చుచున్నదనియు, పోయినను ధార సరిగా రాక గోడ పట్టుకొని నిలువవలసి వచ్చుచున్నదనియు ఏ పెద్దమనిషియు చెప్పడు. నే నుపాధ్యాయుడనై యుండగా పిల్లలు ఒక వ్రేలు చూపి సెలవడిగెడివారు. నేడా వ్రేలు మనమే యెత్తవలసిన వయస్సు వచ్చినది. ఎత్తుటకు మనకు సిగ్గు.

ఆ సిగ్గును ప్రక్కకు నెట్టి, మగవారి కొకరికే వచ్చు నొక వ్యాధిని గురించియు, దానికి నేడు హైదరాబాదు మహానగరమున దొరకుచున్న కిరణచికిత్సను గురించియు నే నిప్పుడు విన్నవించెదను. నేను వైద్యుడను గాను. ఎల్లారెడ్డిపేటలో పిల్లలకు శబ్దములు, ధాతువులు చెప్పుకొన్నవాడను. అయినను తెలిసినవారు చెప్పగా విని, వ్రాసినది చదివి, పామరులకు తెలియునట్లు చెప్పుట ఉపాధ్యాయుని పని గనుక సాహసించుచున్నాను.

మూత్రాశయమునకు దిగువను, మలాశయమునకు ముందు ప్రక్కను, మూత్రనాళము చుట్టును పెద్ద ఉసిరికాయంత గ్రంథి యొకటి కలదు. దీనిని వైద్యులు ప్రోస్టేటు గ్రంథి యందురు. సంతానబీజమునకు ద్రవము సమకూర్చుట దీని పని. మన పూర్వులకు ఈ చోట పుట్టు బాధ తెలియనిది కాదు. సుశ్రుతసంహితలో మూత్రాఘాతములను చెప్పు నధ్యాయమున వాతాష్ఠీల యను వ్యాధి యున్నది. మలమార్గమునకును వస్తికిని నడుమ రాయివలె గట్టియైన గడ్డ యేర్పడి మూత్రము నడ్డగించుట దాని లక్షణము. అష్ఠీల యనగా గుండ్రని రాయి. చేతితో తడవి తెలిసికొన్నవారే యీ పేరు పెట్టగలరు. నేటి వైద్యుడును మొట్టమొదట వ్రేలితోనే తడవి చూచును. మన పెద్దలు ఆసుపత్రి నుండి పారిపోవుటకు అదియే సగము కారణము.

ఇచట నొక భేదమును స్పష్టముగా గ్రహింపవలెను. వయస్సు పైబడినకొలది ఈ గ్రంథి చాలమందికి ఉబ్బును. అట్లుబ్బి మూత్రనాళమును నొక్కుటచేతనే రాత్రులు లేచుటయు, ధార సన్నగిల్లుటయు సాధారణముగా సంభవించును. అది క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారునదియు కాదు. దానికి మాత్రలు కలవు, అవసరమైనచో శస్త్రము కలదు. క్యాన్సరన్ననో, సాధారణముగా గ్రంథి యొక్క వెలిభాగమున, నాళమునకు దూరముగా పుట్టును. అందుచేత మొదటి దశలో రోగికి ఏ బాధయు ఉండదు. బాధ కలుగునప్పటికి అది గ్రంథి దాటి, నడుము ఎముకలకు, వెన్నుపూసలకు ప్రాకియుండుట కలదు. మన సిరిసిల్ల ప్రాంతమున జీవితమంతయు మగ్గముమీద వంగి పనిచేసిన వృద్ధుడు నడుము నొప్పి యనిన, ఇంటివారెల్లరు అది మగ్గపు నొప్పియే యందురు. తైలము రాతురు, కాపడము పెట్టుదురు. కాళ్లు చచ్చుబడిన పిమ్మట పట్నమునకు కొంపోవుదురు. మన దేశమున ఈ రోగులలో చాలమంది ఇట్లు ఆలస్యముగనే వైద్యుని చేరుచున్నారు. ఆ దశలో ప్రాణమును కొన్నియేండ్లు నిలుపు మందు లున్నవి గాని, వ్యాధిని సమూలముగా తీసివేయుట దుర్లభము. నా ప్రసంగము ఆ దశను గురించి కాదు. అంతకు ముందున్న దశను గురించి.

మొదటి దశను కనిపెట్టు సాధనము రక్తపరీక్ష. దానికి పి.ఎస్.ఏ. అని పేరు. ఈ గ్రంథి పుట్టించు నొక మాంసకృత్తు రక్తములో ఎంత యున్నదో అది చెప్పును. 4 అను సంఖ్యను చాలకాలము హద్దుగా నెంచిరి. కాని ఆ సంఖ్య పెరిగినంతమాత్రమున క్యాన్సరనుకొని ఇల్లంతయు ఏడ్వరాదు. గ్రంథి ఉబ్బినను పెరుగును, మూత్రమున చీము చేరినను పెరుగును. అందుచేత తెలిసిన వైద్యుడు పరీక్షను మరల చేయించును, పిమ్మట ఎం.ఆర్.ఐ. స్కానింగు తీయించును, అందు అనుమానము కనబడిననే సూదితో చిన్న ముక్కలను తీసి సూక్ష్మదర్శినిలో చూపించును. దీనినే బయాప్సీ యందురు. సూది తగిలిన క్యాన్సరు ఒడలంతయు ప్రాకునని మనలో నొక భయ మున్నది. ఈ వ్యాధి విషయమున ఆ భయమునకు ఆధారము లేదు. బయాప్సీ లేక చికిత్స నిర్ణయించుట చీకటిలో రాయి విసరుటయే.

సూక్ష్మదర్శినిలో చూచిన పండితుడు కణముల క్రౌర్యమును బట్టి అంకె వేయును. గ్లీసన్ అను అమెరికా వైద్యుని పేరున ఆ లెక్క నడచుచున్నది. 6 వచ్చినచో మందగామి, 7 నడిమిది, 8 మొదలు 10 వరకు క్రూరమైనది. పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చిన అంత మేలనుకొను అలవాటు మనది. ఇచట మాత్రము తక్కువ వచ్చినవాడే ధన్యుడు.

ఈ అంకె ఎందుకనగా, అందరికిని చికిత్స వలదు. ఈ మాట వినగానే మీ కాశ్చర్యము కలుగవచ్చును. క్యాన్సరని తేలిన పిమ్మట ఊరకుండుటయా యందురు. ఇంగ్లండు మొదలగు చోట్ల వైద్యులు 1999 నుండి పది సంవత్సరములపాటు 50 మొదలు 69 ఏండ్ల లోపు పురుషులను పరీక్షించి, గ్రంథిలోనే అణగియున్న క్యాన్సరు గల 1,643 మందిని చీట్లు వేసినట్లు మూడు భాగములు చేసిరి. ఒక భాగమువారిని మందేమియు లేక ఎప్పటికప్పుడు పరీక్షించుచు కనిపెట్టి యుండిరి. రెండవ భాగమువారికి శస్త్రముచే గ్రంథిని తీసివేసిరి. మూడవ భాగమువారికి కిరణచికిత్స చేసిరి. పదునైదేండ్ల ఫలితములను 2023లో ప్రకటించిరి. ఆ 1,643 మందిలో ఈ వ్యాధిచే మరణించినవారు 45 మంది మాత్రమే. కనిపెట్టి యుండిన భాగమున 17, శస్త్రము చేసిన భాగమున 12, కిరణములు పెట్టిన భాగమున 16. తక్కిన కారణములచేత పోయినవారు అంతకు ఎన్నియో రెట్లు.

ఈ సంఖ్యలనుబట్టి తేలునది రెండు. మొదటిది, మొదటి దశలో దొరకిన వ్యాధి మనలను తరుముకొని రాదు. ఆలోచించుటకు వ్యవధి యిచ్చును. రాత్రికి రాత్రి భూమి తాకట్టుపెట్టి పరుగెత్త నక్కరలేదు. రెండవది, కత్తియు కిరణమును ప్రాణరక్షణమున సమానముగనే నిలిచినవి. అయితే కనిపెట్టి యుండుట యనగా మరచిపోవుట కాదు. ఆ భాగమున వ్యాధి ఇతర స్థానములకు ప్రాకినవారు 51 మంది కాగా, శస్త్రభాగమున 26, కిరణభాగమున 27 మంది. కనిపెట్టి యుండినవారిలో సగమునకు పైగా కాలక్రమమున ఏదో యొక చికిత్స పొందవలసి వచ్చినది. కాబట్టి అంకె 6 వచ్చి, తక్కిన లక్షణములును అల్పముగా నున్నవాడు ఏడాదికి రెండుమార్లు రక్తపరీక్ష చేయించుకొనుచు, చెప్పినప్పుడు స్కానింగునకు, బయాప్సీకి పోవుచు నుండవలెను. అట్లు పోలేనివాడు, మూడు నెలలు తిరిగి మానివేయువాడు, ఆ మార్గమున నడువరాదు. నన్నడిగిన మనవారిలో క్రమము తప్పక పోవువారు తక్కువ. ఇది నిష్ఠురమే గాని నిజము.

ఇక కిరణముల మాట. 1895లో జర్మనీ దేశమున రాంట్‌జెన్ అను శాస్త్రజ్ఞుడు ఎక్సు కిరణములను కనుగొనెను. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. కొలది సంవత్సరములలోనే వైద్యులు రెంటిని క్యాన్సరు గడ్డలపై ప్రయోగించుట మొదలిడిరి. హైదరాబాదున 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఈ విద్యకు మన తెలంగాణమున పాతయిల్లు. ఆ అక్షరములు మెహదీ నవాజ్ జంగ్ అను పేరునకు సంక్షేపము; ఆయన పిదప 1960లో గుజరాతు రాష్ట్రమునకు తొలి గవర్నరయ్యెను. మన పల్లెలనుండి పోయిన పేదలు దశాబ్దములుగా రెడ్‌హిల్సులోని ఆ ఆవరణమున చెట్లక్రింద వండుకొని, తమవారికి కిరణములు పెట్టించుకొని వచ్చుచుండిరి.

ఈ చికిత్సకు మన జనులు పెట్టిన పేరు కరెంటు. "కరెంటు వెట్టిన్రంటే ఇగ మనిషి అయిపోయినట్టే" అను మాట నేను ఎన్నియో యిండ్లలో వింటిని. ఈ మాటకు పూర్వ మొక కారణ ముండెను. వెనుకటి దినములలో వ్యాధి ముదిరినవారే పోవుచుండిరి; యంత్రములును గురి తక్కువవి; గడ్డతోపాటు ప్రక్కనున్న చర్మము, ప్రేగులు కమలెడివి. కరెంటు పెట్టినందున పోయిరో, పోవువారికే కరెంటు పెట్టిరో విచారించువారు లేకపోయిరి. నేటి యంత్రము వేరు, నేటి గురి వేరు. అందులో కరెంటు తీగ యేదియు మన ఒంటికి తాకదు. షాకు కొట్టదు. నొప్పి లేదు, వేడి తగులదు. ఫోటో తీయించుకొనునట్లు బల్లపై కదలక పండుకొనుటయే రోగి పని.

ఆ యంత్రమును లీనియర్ యాక్సిలరేటరు అందురు. అందు విద్యుత్కణములను మిక్కిలి వేగముగా తరిమి టంగ్‌స్టను అను లోహపు బిళ్లకు తాకించగా తీక్ష్ణమైన ఎక్సు కిరణములు పుట్టును. మీట నొక్కిన పుట్టును, తీసిన ఆగిపోవును, దీపము వంటిదే. చికిత్స పొంది వచ్చిన తాతను మనుమలు తాకరాదని దూరముంచుట కొన్ని యిండ్లలో కలదు. ఈ యంత్రపు చికిత్సలో ఒడలియందు కిరణ మేమియు మిగులదు. మనుమని ఎత్తుకొనవచ్చును, ఒక్క కంచమున తినవచ్చును.

కిరణములు కణములోని బీజసూత్రమును త్రెంచును. మంచి కణము తన గాయమును చాలవరకు బాగుచేసికొనును; క్యాన్సరు కణమునకు ఆ నేర్పు తక్కువ. అందుచేతనే మొత్తము మోతాదును ఒక్కనాడే యీయక, దినమునకు కొంచెముగా పంచి యిచ్చుట పూర్వాచారము. అది సరియే గాని, గురి ఎట్లు కుదురును? చర్మము దాటి, కండ దాటి, లోపలి ఉసిరికాయనే తగులవలెను. దాని వెనుకనే అంటియున్న మలాశయము, పైన నానియున్న మూత్రాశయము చెడరాదు. ఇందుకు నొక యుపాయము కలదు. పదిమంది పది దిక్కులనుండి తలకొక చెంబెడు నీళ్లు తెచ్చి ఒక్క మొక్క పాదులో పోసినారనుకొనుడు. ఏ దారియును బురద కాదు, పాదు మాత్రము నిండును. అట్లే యంత్రము రోగి చుట్టును తిరుగుచు అనేక దిక్కులనుండి పలుచని కిరణములను పంపును. అవన్నియు గ్రంథియందు కలిసికొన్నప్పుడే పూర్తి బల మేర్పడును. పైగా యంత్రపు ముఖమున సన్నని లోహపు రేకులు దువ్వెనపండ్లవలె వరుసగా నుండి, ముందుకు వెనుకకు కదలుచు, కిరణపు ద్వారమును ఆ దిక్కునుండి గ్రంథి ఎట్లు కనబడునో ఆ యాకారమునకే మలచును. మన నర్మాల ఎగువ మానేరు కాలువకు తూము తలుపులు కట్టి, ఏ మడికి ఎంత నీరో అంతయే వదలుట యెరిగిన రైతుకు ఈ యుక్తి తెలియనిది కాదు.

ఇందొక చిక్కు. ఈ గ్రంథి నిలకడ గలది కాదు. మూత్రాశయము నిండిన నొకరీతిగా, మలాశయమున వాయువు చేరిన మరియొకరీతిగా జరుగును. జరుగునది కొలది మిల్లీమీటర్లే. కాని గురి అంతకంటె సన్నము. కాబట్టి చికిత్సకు ముందుగా కొన్ని చోట్ల బియ్యపుగింజకంటె చిన్నవైన బంగారు గింజలను గ్రంథిలో గ్రుచ్చి యుంచుదురు. ప్రతిదినమును కిరణము వదలుటకు ముందు యంత్రము ఆ గింజల బొమ్మ తీసి, గ్రంథి నేడెచట నున్నదో చూచుకొని, బల్లను సరిచేయును. బంగారము లోపలనే యుండిపోవును. ఇంటి ఆడవారు తిరిగి యిత్తురా యని యడుగుట వ్యర్థము. రోగియు తనవంతు చేయవలెను. ఉదయమున విరేచనము సరిగా కావలెను. చెప్పినంత నీరు చెప్పిన వేళకు త్రాగి మూత్రాశయమును నింపుకొని పోవలెను. మూత్రము ఆపుకొనలేని వృద్ధునకు ఇదియే కష్టమైన పని; ముందుగా చెప్పినచో వారు వేళ సర్దుదురు. సిగ్గుపడి చెప్పక, నడుమ కదలినచో గురి తప్పును.

మన ప్రాంతమువారికి అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యికమీద నున్నది. పూర్వము ఈ చికిత్సకు 37 లేక 39 దినములు పట్టెడిది. వారమునకు ఐదు దినముల చొప్పున దాదాపు ఎనిమిది వారములు. ఎల్లారెడ్డిపేటనుండి హైదరాబాదునకు పోవుట ఒక పూట ప్రయాణము. దినమును పోయివచ్చుట డెబ్బది యేండ్లవానికి సాధ్యము కాదు. పట్నమున గది, వంట, తోడుగా నొక మనిషి కావలెను. కొడుకు గల్ఫులో నున్న యింట కోడలు మామగారికి తోడుగా రెండు నెలలు పట్నమున నుండగలదా? ఆమె బీడీలు చుట్టిన గాని ఆనాటి కూర రాదు. బడికి పోవు పిల్లలను ఎవరు చూతురు? వ్యాధి తెలిసియు చికిత్సకు పోనివారిలో కొందరు భయముచే గాక ఈ లెక్క కుదరకయే ఆగిపోయిరి. డబ్బు ప్రభుత్వ మిచ్చినను దినము లెవరిత్తురు?

ఈ దినముల లెక్క ఇటీవల మారినది. ప్రోస్టేటు క్యాన్సరు కణమున కొక విశేష మున్నది. తక్కిన గడ్డలకంటె ఇది చిన్న మోతాదులను ఓర్చుకొనును. పెద్ద మోతాదునకు లొంగును. ఇది గ్రహించిన ఇంగ్లండు వైద్యులు 3,216 మందిపై పరీక్షచేసి, 37 దినముల 74 గ్రేలకు బదులు 20 దినములలో 60 గ్రేలిచ్చినను ఫలము తక్కువ కాలేదని 2016లో ప్రకటించిరి. గ్రే యనగా కిరణములకు కొలత. మనకు తులము, సేరు ఎట్లో అట్లు. గురి ఇంకను కుదిరిన పిమ్మట మరియొక యడుగు వేసిరి. 874 మందిని రెండు భాగములుచేసి, ఒక భాగమువారికి పూర్వపద్ధతిని నాలుగు మొదలు ఎనిమిది వారముల వరకును, రెండవ భాగమువారికి ఐదే పర్యాయములలో 36.25 గ్రేలను ఇచ్చిరి. ఐదేండ్ల పిమ్మట వ్యాధి తిరుగబెట్టక యున్నవారు పూర్వపద్ధతిలో నూటికి 94.6, ఐదు పర్యాయముల పద్ధతిలో 95.8. ఇది 2024లో ప్రకటితము. నూరింట ఒకటి హెచ్చుతగ్గు గణింపదగినది కాదు. రెండును సమానమని చెప్పుటయే న్యాయము. కాని ముప్పదితొమ్మిది మార్లు పోవుటయు, ఐదుమార్లు పోవుటయు మన యింటికి సమానము కాదు గదా!

ఈ ఐదు పర్యాయముల పద్ధతిని స్టీరియోటాక్టిక్ చికిత్స యందురు. సైబర్‌నైఫ్ అను పేరును మీరు వినియుండవచ్చును; నైఫ్ అనగా కత్తి గాని, అందు కత్తి లేదు, కోత లేదు. అది ఈ పని చేయు యంత్రములలో నొకటి. ఇతర యంత్రములును చేయును. పేరు చూచి ఆస్తి అమ్ముకొనవలసిన పని లేదు. అట్లే ప్రోటాను చికిత్స యని మరియొకటి కలదు; మద్రాసున 2019 మొదలు జరుగుచున్నది. అది చాల వ్యయమైనది. అమెరికాలో ఈ వ్యాధికే ప్రోటానును, మామూలు కిరణమును పోల్చిచూడగా, ప్రేగుల బాధ రెంటను ఒకటిగనే యుండెనని 2024లో తెలిపిరి. ఎక్కువ వెల పెట్టినది ఎక్కువ మంచిదను నమ్మకము బట్టల కొట్టునను పనికిరాదు, ఇచటను పనికిరాదు.

మరియొక విధము బ్రాకీథెరపీ. బయటినుండి గాక, కిరణమూలమునే గ్రంథిలోనికి సూదులతో పంపుట. కొన్ని చోట్ల ఇరిడియము మూలమును లోనికి పంపి కొద్ది నిమిషములలో వెలికి తీయుదురు. రోగి వట్టిచేతులతో ఇల్లు చేరును. వేరొక పద్ధతిలో అయోడిను గింజలను శాశ్వతముగా లోపలనే విడుతురు. వాని బలము ప్రతి అరువది దినములకు సగముచొప్పున తగ్గును. ఈ రెండవదానియందు మాత్రము కొన్ని నెలలు పసిపిల్లలను ఒడిలో చాలసేపు కూర్చుండబెట్టుకొనరాదు, గర్భిణులకు మిక్కిలి సమీపమున నుండరాదు. మనవారి భయము ఇచ్చటిదే అచ్చటికి ప్రాకినది కాబోలు.

మేలు చెప్పి కీడు చెప్పకుండుట ప్రకటన యగును గాని ప్రసంగము కాదు. చికిత్సకాలమునను, తరువాత కొన్ని వారములును మూత్రమున మంట కలుగును, మాటిమాటికి పోవలసివచ్చును, విరేచనములు పలుచనగును, అలసట యుండును. ఇవి చాలవరకు తగ్గును. నూటికి కొందరికి నెలలు, ఏండ్లు గడచిన పిమ్మట మలముతో రక్తము కనబడవచ్చును. పైని చెప్పిన ఐదు పర్యాయముల పరీక్షలో మందు వేయదగినంత మూత్రబాధ ఐదేండ్లలో ఎప్పుడైనను కలిగినవారు నూటికి 27 మంది. పూర్వపద్ధతిలో 18 మంది. ప్రేగుల బాధ రెంటను నూటికి పదిమందికి మించి స్వల్పమే. కాబట్టి దినములు తగ్గినందుకు కొంత మూల్యము కలదు. గ్రంథి మిక్కిలి ఉబ్బి ధార ఇప్పటికే ఆగిపోవుచున్నవానికి ఈ పద్ధతి అంతగా నప్పదు. ముందు ఆ అడ్డు తీయవలెను. దాంపత్యశక్తియు క్రమముగా తగ్గవచ్చును. మన వయస్సున దానితో పని యేమని నవ్వకుడు. అది ప్రతివాడును తన భార్యతో ఆలోచించుకొనవలసినది. వైద్యుని అడుగుటలో తప్పు లేదు.

శస్త్రమునకును కీడు లేకపోలేదు. గ్రంథిని తీసివేసినచో మూత్రము తెలియకయే జారుట కొందరికి నిలిచిపోవును. దాంపత్యశక్తికి దెబ్బ వెంటనే తగులును. కాని ప్రేగులకు బాధ తక్కువ. మరియు, ముందు శస్త్రము చేసిన పిమ్మట వ్యాధి మిగిలినచో కిరణములు పెట్టవచ్చును. ముందు కిరణములు పెట్టిన పిమ్మట శస్త్రము చేయుట కష్టము. గుండెజబ్బు గలవానికి, మత్తుమందు ఓర్వలేనివానికి కిరణమే అనుకూలము. నడిమి తరగతి వ్యాధిలో చిన్నప్రేలుడు మందువలె కిరణములకు తోడుగా కొన్ని నెలలు హార్మోను సూదిమందు నిత్తురు. పురుషహార్మోను ఈ క్యాన్సరునకు ఎరువని 1941లో చికాగో నగరమున చార్లెస్ హగ్గిన్స్ నిరూపించెను. 1966లో నోబెలు బహుమానము పొందెను. ఆ సూది వేసినప్పుడు ఒడలు ఆవిర్లెత్తుట, నీరసము కలుగును. అది కిరణముల దోషమని తిట్టుకొనరాదు.

పోవలసిన చోటు హైదరాబాదే. ఎం.ఎన్.జె. సంగతి చెప్పితిని. బంజారాహిల్సున బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సరు ఆసుపత్రి 2000 సంవత్సరమున ప్రధాని వాజపేయిగారిచే ప్రారంభింపబడినది. నందమూరి తారకరామారావుగారి భార్య క్యాన్సరుచే మరణించుట దాని పుట్టుకకు మూలము. ఆరోగ్యశ్రీ పథకము 2007లో ఆరంభమైనది. 2023 డిసెంబరునుండి తెలంగాణమున కుటుంబమునకు ఏడాదికి పదిలక్షల రూపాయల పరిమితి ఏర్పడినది. క్యాన్సరునకు కిరణచికిత్సయు అందున్నది. పోవునప్పుడు రేషను కార్డు, ఆధారు మరువకుడు. పోయిన పిమ్మట అడుగవలసిన ప్రశ్నలను కాగితముమీద వ్రాసికొని పొండు. తెల్లకోటు చూడగానే మన మాట మనకే జ్ఞప్తికి రాదు. నా గ్లీసన్ అంకె ఎంత? చికిత్స లేక కనిపెట్టి యుండదగినదా? నాకు ఎన్ని పర్యాయములు? ఇరువదియా, ఐదా? ఐదు నాకు కూడనిచో ఎందుచేత? మీ ఆసుపత్రిలో ఈ పద్ధతి ఆరోగ్యశ్రీలో జరుగునా? ఇవి అడిగిన ఎవ్వరును కోపింపరు. కోపించినచో మరియొక వైద్యుని చూడుడు. వ్యాధి మీకు వ్యవధి నిచ్చినదని ముందే చెప్పితిని గదా.

పరీక్ష ఎవరు చేయించుకొనవలెనందురా? ఏబదియైదు మొదలు డెబ్బదివరకు నున్నవారు వైద్యునితో మేలుకీడులు మాటలాడి నిర్ణయించుకొనుట మంచిది. తండ్రికో అన్నదమ్ములకో ఈ వ్యాధి వచ్చియున్నచో నలువదియైదు, ఏబదినుండియే ఆలోచింపవలెను. డెబ్బది దాటి, ఇతర వ్యాధులతో నీరసించినవాడు ఏ బాధయు లేనప్పుడు ఊరక వెదకి తెచ్చుకొనుటలో ప్రయోజనము తక్కువ. మూత్రమున రక్తము కనబడినను, కొత్తగా పుట్టిన నడుమునొప్పి రాత్రులును విడువకున్నను వయస్సుతో పని లేదు, వెంటనే చూపవలెను. వేములవాడ రాజన్నకు కోడెమ్రొక్కు మ్రొక్కినవారు దానిని చెల్లింపవచ్చును. రక్తపరీక్షను మాత్రము దాని వెనుకకు నెట్టకుడు.

చికిత్స ముగిసినవారికి ఒక్క సంగతి. శస్త్రమైనచో పి.ఎస్.ఏ. కొలది వారములలో దాదాపు సున్నకు దిగును. కిరణచికిత్సలో అట్లు దిగదు, గ్రంథి లోపలనే యున్నది గనుక. ఏడాది, రెండేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు మెల్లగా తగ్గుచుపోవును. నడుమ నొకమారు కొంచెము పెరిగి తానే తగ్గుటయు కలదు. అది చూచి చికిత్స వ్యర్థమైనదని బెంగపెట్టుకొన్నవారు కలరు. అతితక్కువగా వచ్చిన సంఖ్యకంటె 2 పెరిగినప్పుడే వైద్యులు వ్యాధి తిరుగబెట్టినదేమో యని శంకింతురు. కాబట్టి ప్రతి పరీక్ష కాగితమును తేదీల వరుసను ఒక్క సంచిలో నుంచుకొని, పోవునప్పుడెల్ల ఆ సంచిని వెంట కొంపొండు. కొడుకు పరదేశమున నున్నచో ప్రతి కాగితము బొమ్మను ఫోనులో అతనికి పంపించుడు. ఇచట కాగితము చినిగినను అచట నుండును.